పిల్లల పేరు మీద ఒక కుందేలు

పోయిన వారం ఆఫీసులో టీ తాగుతుంటే మా టీమ్‌లో ఒకాయన అడిగారు. గుంటూరు వైపు మనిషి, ఇద్దరు పిల్లలు. "అక్కా, మీ ఇంట్లో కుందేళ్ళున్నాయి కదా. మా పాప పుట్టినరోజు వస్తోంది. పిల్లలకి తెలియకుండా ఒకటి తెచ్చి సర్‌ప్రైజ్ చేద్దామనుకుంటున్నాం. ఏ రకం మంచిది?"

రకం గురించైతే అక్కడికక్కడే చెప్పేదాన్ని. "తెలియకుండా" అన్న మాటకే నాకు టీ పొలమారింది. నాలుగేళ్ళ కింద నేను చేసిందీ సరిగ్గా అదే. ఆయన కప్పు ఖాళీ అయ్యేలోపు చెప్పగలిగే కథ కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. కుందేలు వద్దని నేననడం లేదు. మా ఇంట్లో రెండున్నాయి, ఇది రాస్తుంటే ఒకటి నా కుర్చీ కాలు కొరుకుతోంది. నేను వద్దనేది సర్‌ప్రైజ్‌ని. ఇంకా చెప్పాలంటే, పిల్లల పేరు చెప్పి మన ముచ్చట మనం తీర్చుకుంటూ, ఆ సంగతి మనకే తెలియనట్టు ఉండడాన్ని.

మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. బెంగళూరు వచ్చి పదిహేనేళ్ళు. కె.ఆర్.పురం దాటాక మూడో అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు. 2022 ఫిబ్రవరిలో మా అమ్మాయికి ఏడేళ్ళు నిండాయి. అంతకుముందు ఏడాది పుట్టినరోజు కరోనాలో కొట్టుకుపోయింది, అవ్వకీ తాతకీ ఫోన్‌లో కేకు చూపించడంతోనే సరి. ఈసారి ఏదో ఒకటి గట్టిగా చెయ్యాలని నాకు పట్టుదల. కుక్కపిల్లంటే మా ఆయన ససేమిరా అన్నారు, రోజూ రెండుపూటలా కిందికి తీసుకెళ్ళేది ఎవరని. పిల్లి మా అత్తగారికి పడదు. మరి కుందేలైతే? అరవదు, కరవదు, ఒక మూల కూచుంటుంది, క్యారెట్ తింటుంది. కుందేలు గురించి నాకు తెలిసిందల్లా ఇదే. ఇందులో అరవదన్నది ఒక్కటే నిజం.

పిల్లల్ని అడగలేదు. అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుంది?

శివాజీనగర్‌లో రస్సెల్ మార్కెట్ ఉంది, 1927లో కట్టిన పాత బజారు. ఆ చుట్టుపక్కల సందుల్లో చిలకలు, చేపలు, పావురాలు, కుందేళ్ళు అమ్ముతారు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో డాక్టర్ దగ్గరికని అబద్ధం చెప్పి వెళ్ళాను. ఒక కొట్టు ముందు ఇనప జాలీ పెట్టెలో పది పన్నెండు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుని ఉన్నాయి. అరచేతిలో పట్టేంత ఉన్నాయి. ఆ క్షణాన నా వయసు ఏడు. కొట్టతను నన్ను చూసే తెలుగులోకి దిగాడు. "మేడమ్, ఒక్కటి బతకదు, జత తీస్కోండి."

అతను నాలుగు మాటలు చెప్పాడు. నెలన్నర పిల్లలన్నాడు. రెండూ ఆడవే అన్నాడు. పెద్దయినా ఇంతే ఉంటాయి, చిన్న జాతి అన్నాడు. చివర్లో, నేను డబ్బులిస్తుంటే, నీళ్ళు మాత్రం పెట్టకండి, నీళ్ళు తాగితే చచ్చిపోతాయి అన్నాడు.

నాలుగూ తప్పే. వాటి వయసు నెల కూడా లేదని తర్వాత డాక్టరు చూసి చెప్పాడు. కుందేలు పిల్ల ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. పాలు మానే ఆ సమయంలోనే దాని పేగుల్లో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు కుదురుకుంటాయి. ముందే విడదీస్తే చిన్న తేడా వచ్చినా విరేచనాలు పట్టుకుంటాయి. ఆడ, మగ సంగతి అంత చిన్న పిల్లల్లో అలవాటైన చెయ్యి కూడా పొరబడుతుంది. చిన్న జాతి అన్నది శుద్ధ అబద్ధం. ఈ వైపు కొట్లలో దొరికేవి చాలావరకు మాంసం కోసం పెంచే జాతులూ వాటి సంకరాలూ. న్యూజిలాండ్ వైట్ అని తెల్లగా, ఎర్ర కళ్ళతో ఉండేది ఎక్కువగా కనిపిస్తుంది (పేరులో న్యూజిలాండ్ ఉన్నా ఆ జాతిని తయారుచేసింది అమెరికాలో). అది పెద్దయితే నాలుగైదు కిలోలు తూగుతుంది. అరచేతిలో పట్టిందని తెచ్చుకున్నది ఆర్నెల్లకి ఒళ్ళో పట్టదు.

ఇక నీళ్ళ మాట. దీని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. రెండు కిలోల కుందేలు రోజుకి పావు లీటరు దాకా తాగుతుంది. నీళ్ళు లేకపోతే పేగుల్లో మేత గట్టిపడి కదలదు. అయినా ఈ మాట మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పాడు, కూరగాయలమ్మా చెప్పింది. పచ్చి ఆకులు మాత్రమే తింటూ, ఆ ఆకుల్లో నీటితోనే గడిపే కుందేలును ఎవరో ఎప్పుడో చూసి ఉంటారు. లేదా విరేచనాలతో పోయిన పిల్ల చివరి గంటల్లో నీళ్ళు తాగడం చూసి, నీళ్ళే చంపాయని అనుకుని ఉంటారు. నేను నమ్మాను. ఎమ్మెస్సీ చదివాను, నమ్మాను. ఎందుకంటే చెప్పినవాడు రోజూ వాటి మధ్య కూచునేవాడు, పైగా నాకు ఇంటికి వెళ్ళే తొందర.

జంతువులమ్మే కొట్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలని 2018లో కేంద్రం నిబంధనలు పెట్టింది. ఆ కాగితం ఉందా అని ఆ రోజు అడగాలని నాకు తట్టనే లేదు. మిక్సీ కొంటే వారంటీ కార్డు అడుగుతాను.

సాయంత్రం చిల్లులు పెట్టిన అట్టపెట్టెకి గులాబీ రిబ్బను కట్టి హాల్లో పెట్టాం. పిల్లల స్నేహితులు పన్నెండు మంది. మూత తీయగానే పుట్టిన అరుపు కింది అంతస్తుదాకా వినబడి ఉంటుంది. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పిల్లల మొహాలు వెలిగిపోతుంటాయి. రెండేళ్ళు నేనది నలుగురికీ చూపించుకున్నాను. మూడో ఏడాదో ఎప్పుడో, పిల్లల్ని వదిలేసి పెట్టెలోకి చూశాను. తెల్లది మూలకి అదుముకుపోయి ఉంది, కళ్ళు బయటికొచ్చేటట్టు. గోధుమరంగుది కదలకుండా బిగుసుకుపోయి ఉంది. పిల్లలు దాన్ని "బుద్ధిగా కూచుంది" అంటున్నారు.

కుందేలు కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. వెనకా పైనా దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా ముక్కు ముందున్నది తప్ప. పొలంలో బతికే జంతువుకి పైనుంచి వచ్చే ప్రతి నీడా గద్దే. అలాంటి జంతువును పన్నెండు జతల చేతులు పైనుంచి తీస్తున్నాయి. అది అరిచే జంతువు కాదు, పరిగెత్తడానికి చోటు లేదు. బిగుసుకుపోవడం ఒక్కటే దానికి తెలిసిన ఉపాయం. ఆ రోజు అసలు సర్‌ప్రైజ్ ఎవరికి జరిగిందో ఆ వీడియోలో స్పష్టంగా ఉంది.

మూడో రోజుకి అవి షూ ర్యాక్ కిందికి చేరాయి, బయటికి రావు. మా చిన్నోడికి అప్పుడు నాలుగేళ్ళు. చెయ్యి పెట్టి గోధుమరంగుదాన్ని లాగాడు, అది వెనకకాళ్ళతో తన్ని మోచేతి దాకా గీరింది. వాడు ఏడ్చాడు. మా అమ్మాయి ఏడవలేదు. రాత్రి పడుకునేముందు మెల్లగా అంది, "అమ్మా, దానికి నేనంటే ఇష్టం లేదు." అదే పుట్టినరోజు కానుక తీసుకున్న పిల్ల. కానుక తనని చూసి పారిపోతోంది. ఇందులో పిల్ల తప్పు లేదు, కుందేలు తప్పు లేదు. ఎత్తుకుని ముద్దు చేసే బొమ్మ వస్తోందని మేం నోటితో చెప్పలేదు కానీ, రిబ్బను కట్టడమంటే అదే కదా.

నిజానికి చాలా కుందేళ్ళకి ఎత్తుకోవడం అస్సలు పడదు. వాటి ఎముకల బరువు ఒంటి బరువులో పన్నెండో వంతో పదమూడో వంతో ఉంటుంది, తొడ కండలేమో ఇంజన్‌లా ఉంటాయి. గాల్లో ఉండగా గట్టిగా తన్నుకుంటే తన వెన్నెముక తనే విరగ్గొట్టుకోగలదు. చెవులు పట్టి ఎత్తడమైతే మాటే వద్దు. మన పక్కన నేల మీద కూచోవడం దానికి ఇష్టం. పుస్తకం చదువుకుంటూ మనం అరగంట కదలకపోతే వచ్చి మన కాలికి గడ్డం రుద్దుతుంది, ఇది నాదీ అని. నాలుగేళ్ళ పిల్లాడు అరగంట కదలకుండా ఉండడం కుందేటి కొమ్ము.

తొమ్మిదో రోజు తెల్లది పోయింది. ముందురోజు సాయంత్రం నుంచి తినలేదు. నిద్రపోతోందనుకున్నాం. రాత్రి పదకొండుకి పళ్ళు కొరుకుతున్న చిన్న చప్పుడు విని, ఏదో నములుతోందనుకున్నాను. నొప్పికి అలా పళ్ళు నూరుతుందని అప్పుడు తెలియదు. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, కడుపులో ఎప్పుడూ పీచు పడుతూనే ఉండాలి. అది ఆగితే గ్యాస్ పట్టి, నొప్పికి మేత మానేస్తుంది. మేత మానితే పేగు ఇంకా బిగుస్తుంది. వాంతి చేసుకోవడం దానికి చేతకాదు. పూట దాటి తినకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. మేం పొద్దున దాకా ఆగాం. మొదట వెళ్ళిన క్లినిక్‌లో కుక్కలూ పిల్లులే చూస్తామన్నారు. రెండోచోట పెట్టె తెరిచేసరికే అయిపోయింది.

ఈ ఊళ్ళో పశువైద్యులు లేరని కాదు. హెబ్బాళలో 1958 నుంచి పశువైద్య కళాశాలే ఉంది. కానీ వీధి చివర క్లినిక్‌లో కుందేలును రోజూ చూసే డాక్టరు దొరకడం కష్టం. పైగా దాని ఒళ్ళే వేరు. కుక్కలకి మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్‌ను కుందేలు నోట్లో వేస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికొస్తుంది. కుక్కల పిడుదులకి, పేలకి వాడే ఫిప్రోనిల్ కూడా దీనికి విషమే. కుందేలును వెతికేముందు డాక్టర్ని వెతకాలి అని ఇప్పుడు అడిగినవాళ్ళకల్లా చెబుతున్నాను. పెళ్ళిచూపులకి ముందే పురోహితుణ్ణి మాట్లాడుకోమన్నట్టు ఉంటుందని మా ఆయన నవ్వుతారు.

మా అమ్మాయికి ఏం చెప్పాలో తెలియలేదు. తెల్లదానికి అప్పటికే పాలకోవా అని పేరు పెట్టుకుంది. మిగిలినదాని పేరు బెల్లం.

అప్పుడు ఊరి నుంచి మా అమ్మ వచ్చింది. వచ్చీ రాగానే ఆ పెట్టెలోకి చూసి, "ఏమే, చెవులపిల్లికి బిస్కెట్లు పెడతారా?" అంది. మా వైపు కుందేలును చెవులపిల్లి అంటారు. మేం పెడుతున్నది కొట్టతను ఇచ్చిన మేత గుళికలు, క్యాబేజీ, క్యారెట్. అమ్మ కిందికి పోయి కాంపౌండ్ గోడ వారన మందు కొట్టని చోటు చూసి గుప్పెడు గరిక పీకి తెచ్చింది. బెల్లం మొదటిసారి షూ ర్యాక్ కింద నుంచి తనంతట తాను బయటికొచ్చింది. అమ్మకి కుందేళ్ళ గురించి తెలుసని కాదు. మేకపిల్లకి ఎండుగడ్డి ముందు, పచ్చిమేత వెనక అలవాటు చెయ్యాలని తెలుసు. ఇదీ గడ్డి తినేదే కదా అనుకుంది. తర్వాత నేను చదివిన ప్రతిదీ ఆ మాటనే సమర్థించింది. దాని తిండిలో ఐదింట నాలుగు పాళ్ళకి పైగా గడ్డే ఉండాలి, అదీ ఎక్కువ ఎండుగడ్డి. వరిగడ్డి కాదు, పశువుల మేతకి పెంచే మెత్తటి గడ్డి. దాని పళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు రోజూ కొంచెం. క్యారెట్ మనకి మైసూర్‌పాక్ లాంటిది, వారానికి రెండు చిన్న ముక్కలు. కార్టూన్లు చూసి కుందేలుకి మేత పెట్టకూడదు.

(ఇంకొకటి కూడా ముందే తెలిస్తే బాగుండేది. తెల్లవారుజామున అది తన మెత్తటి పెంటికలు తనే నోటితో అందుకుని తింటుంది. జబ్బు కాదు, మొదటిసారి అరగని మేతను రెండోసారి అరిగించుకునే పద్ధతి, ఆవు నెమరేసినట్టు. మా అమ్మాయి అది చూసి పెట్టిన కేకకి పక్క ఫ్లాట్ వాళ్ళు బెల్లు కొట్టారు.)

"పెంపుడు జంతువుంటే పిల్లలకి బాధ్యత తెలుస్తుంది కదా అక్కా" అన్నారు మా గుంటూరాయన. అందరూ అనే మాటే. నేనూ అన్నాను. ఈ మాటతోనే నాకు పేచీ.

ఊళ్ళో మేం పెరిగిన ఇంట్లో రెండు ఆవులు, మేకలు, లెక్కలేనన్ని కోళ్ళు. వాటి వల్ల నాకు బాధ్యత తెలిసిన మాట నిజమే. కానీ వాటిలో ఒక్కటీ నాది కాదు. నాయన మేత వేస్తుంటే నేను తొట్టి నింపేదాన్ని. నేను మరిచిపోతే ఆవు పస్తు ఉండేది కాదు, నాకు తిట్లు పడేవి, అంతే. జంతువు పెద్దవాళ్ళది, పిల్లలు వాళ్ళ వెనక తోకలా తిరుగుతూ నేర్చుకునేవాళ్ళు. దూడ పుట్టబోతోందంటే నెల ముందు నుంచి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరు ఎప్పుడు లేస్తారు, జున్ను ఎవరికి పంపాలి అని మాటలు నడిచేవి. ఆ ఎదురుచూపులోనే సగం చదువు అయిపోయేది. ఇప్పుడు మనం చేసేదేమిటి? ప్రాణమున్న దాన్ని ఏడేళ్ళ పిల్ల చేతిలో పెట్టి, ఇది నీదే అంటాం. ఆ పిల్ల పది రోజులకి మరిచిపోతే, చూశావా నీకు బాధ్యత లేదు అని దులుపుతాం. పిల్లకి మిగిలేది బాధ్యత కాదు, తప్పు చేశానన్న భావం. అదీ మనం చేసిన తప్పుకి.

లెక్క కూడా చూసుకోవాలి. బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుంది. ఏడేళ్ళప్పుడు తెచ్చిస్తే ఇంటర్ రెండో సంవత్సరంలో ఎంట్రన్స్ టెన్షన్‌లో ఉండే రోజుల్లో దానికి ముసలితనం వస్తుంది. అప్పుడు రోజూ మందు పోసేది ఎవరు? నాకు తెలుసు ఎవరో. ఇప్పుడూ నేనే. మా అమ్మాయికి పదకొండేళ్ళు, బాడ్మింటన్ పిచ్చి. బెల్లం అంటే ప్రేమే, దారిలో కనిపిస్తే నుదురు నిమిరి పోతుంది. ట్రే కడిగేది, గడ్డి తెచ్చేది, గోళ్ళు కత్తిరించేది నేను. పొద్దున ఐదున్నరకి వంటింట్లోకి వస్తే నా కాళ్ళ చుట్టూ గిరగిరా తిరుగుతుంది. ఒకరోజు అలా తిరుగుతుంటే తోచింది. కుందేలు కావాలనుకున్నది మా పాప కాదు, నేను. చిన్నప్పుడు ఒకసారి వేరుశనగ కోతలప్పుడు మా పొలంలో చెవులపిల్లి కూన దొరికితే పెంచుకుంటానని ఏడ్చాను. నాయన పక్కచేలో పొదలో వదిలేసి వచ్చాడు. ఆయన చేసింది మంచి పనే. అది అడవి కుందేలు, ఈ పెంపుడు కుందేలుకి దూరపు చుట్టం మాత్రమే. అది కళ్ళు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో పుడుతుంది. ఇది గుడ్డిగా, బొచ్చు లేకుండా పుడుతుంది. పైగా అడవి కుందేలును పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. నాయనకి చట్టం తెలుసో లేదో కానీ, ఆ ఏడుపు ముప్పయ్యేళ్ళు నాలో ఉండి, మా అమ్మాయి పుట్టినరోజును వంక పెట్టుకుని బయటికొచ్చింది.

నాదే కుందేలని ముందే ఒప్పుకుని ఉంటే ఏం చేసేదాన్ని? నా కోసమైతే నేను రిబ్బను కట్టేదాన్ని కాదు. పది రోజులు చదివేదాన్ని. ఇంట్లో అందరినీ అడిగేదాన్ని. మా ఆయన అప్పుడే చెప్పేవారు, ఛార్జర్ వైర్లు కొరుకుతుందట కదా అని. (కొరికింది. మూడు ఛార్జర్లు, ఒక ఇస్త్రీపెట్టె తీగ, నా పెళ్ళి కంచిపట్టు చెంగు.) తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు కూచోకుండా, నాలుగో కాలు ఎవరైనా చూపిస్తే చూసేదాన్ని.

ఇక ఆయన అడిగిన ప్రశ్న. ఏ రకం?

రకం కన్నా వయసు ముఖ్యం. చిన్న పిల్ల వద్దు, ఏడాది నిండినది తీసుకోండి. దాని సైజు తేలిపోయి ఉంటుంది, ఆడో మగో తెలిసిపోయి ఉంటుంది, స్వభావం కుదిరి ఉంటుంది. పిల్లలుండే ఇంటికి చిన్న జాతి మంచిదనుకుంటారు కానీ, పెద్ద ఒళ్ళున్నవే నిదానంగా ఉండడం ఎక్కువ చూశాను. పొడవాటి ఉన్ని ఉండే అంగోరా జాతి మాత్రం ఈ వాతావరణంలో వద్దు. ఆ ఉన్ని రోజూ దువ్వాలి, దువ్వకపోతే ఉండలు కడుతుంది, ఎండాకాలం దానికి నరకం. చూసేటప్పుడు ముక్కు తడిగా ఉందా, ముందుకాళ్ళ లోపలి బొచ్చు అట్టలు కట్టిందా (చీమిడి తుడుచుకునేది వాటితోనే), వెనక భాగం శుభ్రంగా ఉందా, పై పళ్ళు కింది పళ్ళ మీద కత్తెరలా కూచున్నాయా చూడండి. పళ్ళు వంకరైతే జీవితాంతం నెలనెలా కత్తిరించాలి. మీ ముందు గడ్డి తినడం చూశాకే తెచ్చుకోండి.

జత మంచిదే, ఒంటరితనం దానికి నిజంగా కష్టం. కానీ ఆడా మగా కలిపి ఉంచితే నాలుగైదు నెలలకే చూలు కట్టేస్తుంది. ముప్పై ముప్పైఒక్క రోజుల్లో ఈనుతుంది, ఈనిన రోజే మళ్ళీ కట్టగలదు. ఇద్దరికీ ఆపరేషన్ చేయించాలి. ఆడదానికైతే అది పిల్లల గొడవ తప్పించడానికి మాత్రమే కాదు, చేయించనివాటిలో నాలుగేళ్ళు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. ఖర్చు? బెల్లం ఆపరేషన్‌కి అయింది, వాటి జతని కొన్న డబ్బుకి ఎన్నో రెట్లు. బెల్లం మగదని అప్పటికి తేలింది లెండి.

దానికి తోడు కొట్టు నుంచి రాలేదు. రెండు వీధుల అవతల ఒక తెలుగువాళ్ళ కుటుంబం హైదరాబాద్ మారిపోతూ, ఎవరికైనా ఇచ్చేస్తామన్నారు. ఏడాదిన్నర తెల్ల కుందేలు. పంజరంతో సహా, సగం మిగిలిన గుళికల సంచీతో సహా వచ్చింది. మెడలో గులాబీ రిబ్బను ఇంకా ఉంది, మురికిపట్టి. ఎవరి పుట్టినరోజుదో నేనడగలేదు, ఆమే చెప్పింది. "పిల్లలు రెణ్ణెల్లు బాగా ఆడుకున్నారండీ." జాలీ నేల పంజరంలో ఉండి ఉండి పాదాలు పుండ్లు పడి ఉన్నాయి. ఆపరేషన్ చేయించి, రెండింటికీ మధ్య గేటు పెట్టి, వాసన అలవాటు చేసి, రోజూ పావుగంట కలిపి, మూడు వారాలు పట్టింది. మొదట్లో బొచ్చు ఎగిరేలా కొట్టుకున్నాయి. ఇప్పుడు ఒకదాని తల ఒకటి నాకుతూ పడుకుంటాయి. దాని పేరు సున్ని.

ఎండ సంగతి చెప్పకపోతే బెంగళూరు మురిపెం మిగిలిపోతుంది. ఈ ఊరు చల్లనని కుందేళ్ళకి ఢోకా లేదనుకున్నాను. 2024 ఏప్రిల్‌లో ఇక్కడ 38 డిగ్రీలు దాటింది. బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం కొట్టుకున్న వేసవి అది. కుందేలుకి చెమట పట్టదు, ఒంటి వేడిని చెవుల నుంచే వదులుకోవాలి, 30 దాటితే దానికి కష్టకాలం. వంటగది గట్టు వేయించినప్పుడు మిగిలిన గ్రానైట్ పలకను నేల మీద పెట్టి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలకి బట్ట చుట్టి పక్కన పెట్టేదాన్ని. తాగే నీళ్ళకే బకెట్లు లెక్కపెట్టుకుంటూ, కుందేలు కోసం సీసాలు గడ్డకట్టించడం చూసి మా అత్తగారు ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు వినిపించింది. చెన్నైలో ఉండే మా చెల్లెలు అడిగితే మాత్రం, ఏసీ రోజంతా నడిపే ఓపిక ఉంటే చూసుకో అన్నాను. దీపావళి మూడు రాత్రులూ ఏ ఊళ్ళోనైనా ఒకటే. మూల గదిలో కిటికీలు మూసి నేను వాటి పక్కనే కూచుంటాను. ఒక్కో టపాసుకీ వెనకకాలు నేలకేసి దబ్బున కొడుతుంది సున్ని, ప్రమాదం ప్రమాదం అని.

ఇదంతా చెబితే మా గుంటూరాయన మొహం చిన్నబోయింది. "అయితే పాపకి ఏమివ్వాలి?" అన్నారు. పాపనే అడగమన్నాను. అడగడానికి ముందు ఒక ఆదివారం తీసుకురమ్మన్నాను. ఊరికే కూచుని చూసి పోండి, ఎత్తుకోవడాలు లేవు అని షరతు పెట్టాను.

మొన్న ఆదివారం వచ్చారు. పాపకి ఎనిమిది, బాబుకి ఐదు. చాప వేసి నేల మీద కూచోబెట్టాను. బెల్లం సోఫా కింద, సున్ని కర్టెన్ వెనక. పది నిమిషాలు నిశ్శబ్దం. బాబు లేచి మా చిన్నోడితో కార్లు ఆడటానికి వెళ్ళిపోయాడు. పాప ఓపికగా కూచుంది, అరగంట. సున్ని వచ్చి ఆ పిల్ల సాక్సు వాసన చూసి, పళ్ళతో చిన్నగా లాగి, వెనక్కి పోయింది. పిల్ల నవ్వింది. "ఇంకేం చేస్తుంది ఆంటీ?" అంది. ఇంతే అమ్మా, గడ్డి తింటుంది, గంతులేస్తుంది, పడుకుంటుంది అన్నాను. కాసేపు ఆలోచించి వాళ్ళ నాన్న వైపు తిరిగి చాలా స్పష్టంగా చెప్పింది: "నాన్నా, నాకు గేర్ల సైకిలు కావాలి."

నాకు ఆ పిల్ల మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. అడిగారు కాబట్టి చెప్పింది.

ఆయన మాత్రం చాప మీద నుంచి లేవలేదు. పిల్లలు చెప్పులు వేసుకుని లిఫ్ట్ దగ్గర పిలుస్తుంటే కూడా మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని చూస్తూ కూచున్నారు. బెల్లం సోఫా కింద నుంచి వచ్చి ఆయన చేతిగడియారానికి గడ్డం రుద్దింది. ఆయన ఊపిరి బిగపట్టారు.

రాత్రి మెసేజ్ వచ్చింది. "అక్కా, మందు కొట్టని గరిక మన వైపు ఎక్కడ దొరుకుతుంది? ఊరికే అడుగుతున్నా."